నాలుగో నంబరు మీద వరంగల్

మా ఇంట్లో ఒక రేడియో ఉంది. దాని మీద మీటర్లు, కిలోహెర్ట్జ్‌లు రాసి ఉండవు. 2 నుంచి 12 దాకా అంకెలున్న పెద్ద నాబ్ ఉంటుంది. అది టీవీ నాబ్. 4 దగ్గర ఆపితే వరంగల్ ఆకాశవాణి వస్తుంది. మిగతా అంకెల దగ్గర ఏమీ రాదు, ఉత్త గాలి చప్పుడు. దాన్ని తయారు చేసి ముప్పై ఏళ్ళు దాటింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి అటక మీద నుంచి దించాను. అప్పటి నుంచీ దాని గురించి రాయాలని మనసు కొట్టుకుంటూనే ఉంది.

మా చిన్నాయనకి హనుమకొండలో టీవీ రిపేరు షాపు ఉండేది. పది అడుగుల గది, ఒక బల్ల, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటరు. స్కూలు వదలగానే నేను అక్కడే. రోసిన్ కాలిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆ గదే గుర్తొస్తుంది. 1990 ప్రాంతం అది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, 1982లో రంగులొచ్చాయి, మా ఊరికి రిలే సెంటరూ వచ్చింది. అప్పటిదాకా బ్లాక్ అండ్ వైట్ కొనడమే గొప్ప. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్ళు చేసిన ఈసీ టీవీ ఉన్న ఇంటికి ఆదివారం సాయంత్రం వాడంతా చేరేది. పదేళ్ళు తిరిగేసరికి కొంచెం డబ్బున్నవాళ్ళు కలర్ టీవీకి మారిపోతున్నారు. పాత సెట్లలో పిక్చర్ ట్యూబ్ డల్ అయితే కొత్తది వేయించే ఓపిక ఎవరికీ లేదు. "ఉంచుకోన్రి, స్పేర్లకన్నా పనికొస్తయి" అని చిన్నాయన దగ్గరే వదిలేసిపోయేవాళ్ళు. షాపు వెనక గోడకి అలాంటివి ఒకదాని మీద ఒకటి ఉండేవి. చెక్క పెట్టె, పక్కలకి జరిగే చెక్క తలుపులు, నాలుగు కాళ్ళు. మా నాయినమ్మ వాటిని చూసి "గింత మంచి అల్మారీలను గట్ల పడేసిండ్రేంది" అనేది.

నాయినమ్మకి రేడియో ప్రాణం. మా ఇంట్లో మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్న సెట్టు ఉండేది. పొద్దున హైదరాబాద్ 738 పెట్టుకుని పొయ్యి దగ్గర కూచునేది. రాత్రయితే చాలు, ఎక్కడెక్కడి స్టేషన్లన్నీ వచ్చి కలిసిపోయి కరకరలాడేది. వానాకాలం మెరుపులకైతే వినలేం. అలాంటి రోజుల్లో వరంగల్‌కి సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చింది. మన మాట, మన పాట, మన జిల్లా రైతుల ముచ్చట్లు. అందరూ సంతోషపడ్డారు. కానీ అది ఎఫ్ఎం, 103.5 మెగాహెర్ట్జ్. ఇళ్ళలో ఉన్న రేడియోల్లో చాలావాటికి ఎఫ్ఎం బ్యాండే లేదు. స్టేషన్ పక్క వీధిలో ఉన్నవాళ్ళకి కూడా వినిపించని పరిస్థితి. ఎఫ్ఎం ఉన్న టేప్ రికార్డర్ కొనాలంటే మా నాన్న జీతంలో పెద్ద ముక్కే పోయేది.

నాయినమ్మ ఒకరోజు షాపుకి వచ్చి స్టూలు మీద కూచుని చిన్నాయనతో అంది: "ఊళ్ళె రేడియో పెట్టిండ్రట. నాకైతే ఇనవడ్త లేదు. నువ్వు గిన్ని డబ్బాలు విప్పుతవు గదరా, నాకొకటి జెయ్యరాదు?"

చిన్నాయన నవ్వలేదు. గోడవైపు చూశాడు. ఆ గోడ దగ్గరున్న టీవీలన్నిటిలో బొమ్మ ఒక్కటే చచ్చిపోయింది. స్టేషన్‌ని పట్టే ట్యూనర్, ఆ సిగ్నల్‌ని పెంచే ఐఎఫ్, సౌండ్ సెక్షన్ బతికే ఉన్నాయి. "టీవీ సౌండు కూడా ఎఫ్ఎమ్మే గదా అమ్మా, సూద్దాం" అన్నాడు.

ఆ పాత టీవీ ట్యూనర్‌ని విప్పి చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువే ఉంటారు, అందుకే కొంచెం చెప్తాను. అరచేతి కంటే కొంచెం పెద్ద రేకు డబ్బా. లోపల ఒక డ్రమ్ము. డ్రమ్ము చుట్టూ చానల్‌కి ఒకటి చొప్పున సన్నటి ప్లాస్టిక్ పట్టీలు. వాటిని మేము బిస్కెట్లు అనేవాళ్ళం. ఒక్కో బిస్కెట్ మీద సన్నటి రాగి తీగతో చుట్టిన కాయిల్స్, బయటికి పొడుచుకొచ్చిన వెండి పూత కాంటాక్టులు. నాబ్ తిప్పితే డ్రమ్ము తిరిగి ఒక బిస్కెట్ వచ్చి స్ప్రింగు పత్తీల కింద కూచుంటుంది. టక్కుమని చప్పుడు అప్పుడే వస్తుంది. కాంటాక్టులు నల్లబడితే బొమ్మ మీద చీమలు పాకినట్టు అవుతుంది. వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, దూదిని సీటీసీలో, అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో ముంచి తుడవడమే ఆ షాపులో నా మొదటి ఉద్యోగం. నాబ్ చుట్టూ ఇంకో రింగు ఉండేది, ఫైన్ ట్యూనింగ్‌కి. దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ బొమ్మనీ మాటనీ సరిచేసుకునేవాళ్ళం.

మన దేశంలో టీవీ చానళ్ళు 2, 3, 4 అంటే 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య ఉండేవి. 5 నుంచి 12 దాకా 174 పైన. మాకు కావాల్సిన 103.5 సరిగ్గా ఈ రెండింటి మధ్య ఖాళీలో పడింది. కింది చానల్ కాయిల్‌లో చుట్లు తగ్గిస్తే పైకి జరుగుతుంది, పై చానల్‌కి చుట్లు పెంచితే కిందికి దిగుతుంది. పై చానళ్ళ కాయిల్స్‌లో ఒకటో రెండో చుట్లు, వాటిని ముట్టుకుంటేనే ఎటో పోతాయి. కాబట్టి 2, 3, 4 బిస్కెట్లే దిక్కు. అంటే మూడే అవకాశాలు.

"మొదాలు రెండు మీద జెయ్యి. ఖరాబైనా పర్వాలే" అన్నాడు చిన్నాయన. ఖరాబే అయింది. ఐరన్ వేడి ఎక్కువై ప్లాస్టిక్ కరిగి కాంటాక్టు వంకరపోయింది. 3 మీద తీగ తెంచాను. వెంట్రుక కంటే కాస్త లావుండే ఎనామెల్ తీగ అది, బ్లేడుతో గీకుతుంటే మధ్యలో పుటుక్కున పోయింది. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన ఏమీ అనలేదు, టీ తెమ్మని పంపించాడు. తిరిగొచ్చేసరికి 4 బిస్కెట్ విప్పి కాగితం మీద పెట్టి ఉంది. "ఇది మన ఇద్దరం జేద్దాం" అన్నాడు.

ట్యూనర్ లోపల సొంతంగా ఒక తరంగాన్ని పుట్టించే భాగం ఆసిలేటర్. దాని కాయిల్‌లో ఎనిమిది చుట్లుంటే రెండు తీశాం. యాంటెనా వైపు మూడు తీశాం. ఆ లెక్క చిన్నాయన ఎలా వేశాడో అప్పుడు నాకు తెలియదు. తర్వాత పాలిటెక్నిక్‌లో చదువుకున్నాక కూచుని కట్టి చూశాను. ఆయన చేతి అంచనా దాదాపు సరిగ్గా సరిపోయింది. మిగిలిన చుట్లని దువ్వెన పన్నుతో ఎడం చేసి, కదలకుండా కొవ్వొత్తి మైనం చుక్కలు వేశాం. ఇనుప స్క్రూడ్రైవర్ దగ్గరికి తెస్తేనే ట్యూనింగ్ మారిపోతుంది, అందుకే దువ్వెన.

మిగతా పనంతా ఒక చెక్క పలక మీద. టీవీ నుంచి ఐఎఫ్ బోర్డు, సౌండ్ బోర్డు విప్పి మేకులు కొట్టి బిగించాం. సౌండ్ బోర్డులో మాటని విడదీసే సీఏ 3065, దాని వెనక ఆ మాటని పెంచే 810. ఆ రెండు చిప్పులు తెలియని టీవీ మెకానిక్ ఆ రోజుల్లో లేడు. పాత టీవీ పవర్ సప్లై మాత్రం వద్దన్నాడు చిన్నాయన. వాటిలో లోపలి చట్రం, అంటే చాసిస్, నేరుగా ఇంటి మెయిన్స్ కరెంటుకే తగిలి ఉండేది, ముసలామె ఇంట్లో ముట్టుకునే వస్తువుకి అది పనికిరాదు. వేరే ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, వోల్టేజీని నిలబెట్టే ఒక 7812 చిప్పుతో 12 వోల్టులు తయారు చేశాడు. పిక్చర్ ట్యూబ్ విప్పే ముందు కూడా అంతే జాగ్రత్త. పది వేల వోల్టులకి పైనే దాచుకుని ఉంటుంది అది, టీవీ ఆపి నెలలైనా నమ్మడానికి లేదు. స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, ట్యూబ్ మీదుండే రబ్బరు క్యాప్ కింద దూర్చి, చిటుక్కుమని మెరిశాకే నన్ను దగ్గరికి రానిచ్చేవాడు.

అంతా కలిపాం. ఆన్ చేశాం. స్పీకర్లో సుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూడు రాత్రులు అదే. రింగు తిప్పుతాం, కాయిల్ నొక్కుతాం, సాగదీస్తాం. 103.5 దగ్గరికి వచ్చినప్పుడు చప్పుడు కొంచెం మెత్తబడుతుంది, ఎవరో తలుపు వెనక నిలబడినట్టు. కానీ మాట రాదు. నాయినమ్మ రోజూ అన్నం దగ్గర అడిగేది, "ఏమన్న పలికిందా?" అని.

నాలుగో రోజు ఆర్ఈసీలో, అంటే ఇప్పటి ఎన్ఐటీ ఇంజనీరింగ్ కాలేజీలో, ఎలక్ట్రానిక్స్ చదివే అబ్బాయి ఒకతను వాక్‌మన్ బాగు చేయించుకోవడానికి వచ్చాడు. గుంటూరు వైపు మాట. మా పలకని చూసి ఆగిపోయాడు. అంతా విని నన్నడిగాడు:

"తమ్ముడూ, టీవీలో సౌండు ఎక్కడ పుడుతుంది?"

"స్టేషన్ల" అన్నాను.

"స్టేషన్ పంపిస్తుంది సరే. సెట్టులోకి వచ్చాక?"

నాకు తెలియలేదు. అతను బల్ల మీదున్న పాత పేపరు అంచున రెండు గీతలు గీశాడు. టీవీ స్టేషన్ రెండు పంపుతుంది. బొమ్మ ఒకటి, మాట ఒకటి, రెంటికీ మధ్య దూరం ఎప్పుడూ 5.5 మెగాహెర్ట్జ్. ట్యూనర్ వాటిని కిందికి దించి బొమ్మని 38.9 మీద, మాటని 33.4 మీద పెడుతుంది. ఐఎఫ్ చివర డిటెక్టర్‌లో ఆ రెండూ ఒకదానితో ఒకటి తగిలితేనే 5.5 పుడుతుంది. సౌండ్ చిప్పుకి తెలిసింది ఆ 5.5 ఒక్కటే. "మీ రేడియో స్టేషన్ మాట పంపిస్తోంది. బొమ్మ పంపడం లేదుగా? ఇక 5.5 ఎక్కడి నుంచి వస్తుంది?"

చిన్నాయన చేతిలో ఐరన్ స్టాండు మీద పెట్టేశాడు. ఏళ్ళ తరబడి టీవీలు బాగు చేసిన మనిషి. ఫైన్ ట్యూనింగ్ తప్పి బొమ్మ పోతే మాట కూడా పోవడం వెయ్యిసార్లు చూసి ఉంటాడు. "అగో... గందుకా!" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి. నేను జీవితంలో చాలామంది మాస్టార్ల దగ్గర చదువుకున్నాను. ఒక విషయం అర్థమైనప్పుడు అంత సంతోషపడ్డ మనిషిని మళ్ళీ చూడలేదు.

సరే, బొమ్మ లేదు కాబట్టి మేమే ఒక బొమ్మని తయారు చేసివ్వాలి. అంటే బొమ్మ స్థానంలో 38.9 మీద ఊరికే పలికే ఒక చిన్న ఆసిలేటర్. బీఎఫ్ 194 ట్రాన్సిస్టర్ ఒకటి, కాయిల్ ఒకటి, రెండు మూడు కండెన్సర్లు. అరగంట పని. చిక్కంతా అది సరిగ్గా 38.9 మీద ఉందని తెలుసుకోవడంలో ఉంది. ఫ్రీక్వెన్సీ కౌంటర్ లాంటివి మా షాపులో ఎక్కడివి?

ఇక్కడ చిన్నాయన చేసిన పనిని నేను ఇప్పటికీ తలుచుకుంటాను. బాగు చేసి డెలివరీకి సిద్ధంగా పెట్టిన మంచి టీవీ ఒకటి ఆన్ చేసి, దూరదర్శన్ బొమ్మ బాగా నిలబెట్టాడు. ఆసిలేటర్ నుంచి చిన్న వైరు ముక్క తీసుకుని ఆ టీవీ ట్యూనర్ పక్కన పెట్టాడు. వార్తలు చదివే ఆమె ముఖం మీద సన్నటి ఏటవాలు గీతలు వచ్చాయి, నేత చీర మీద పోగుల్లాగా. కాయిల్ లోపలి ఫెరైట్ మరని ప్లాస్టిక్ పుల్లతో తిప్పుతుంటే ఆ గీతలు లావెక్కాయి. ఇంకొంచెం తిప్పితే చారలయ్యాయి, తర్వాత వెడల్పాటి పట్టీలయ్యాయి, చివరికి మొత్తం మాయమయ్యాయి. మా ఆసిలేటర్, ఆ టీవీ లోపల దూరదర్శన్ బొమ్మ రెండూ ఒకే చోటికి వచ్చాయన్నమాట. "గిదే 38.9. మైనం తే" అన్నాడు. మీటర్ లేకుండా, ఒక బొమ్మని చూసి ఇంకో బొమ్మ స్థానాన్ని పట్టుకున్నాడు.

ఆ ఆసిలేటర్‌ని బుల్లి కండెన్సర్‌తో ఐఎఫ్ బోర్డుకి కలిపాం. పవర్ ఇచ్చి రింగు తిప్పాను. మాట వచ్చింది. చాలా సన్నగా, బావిలోంచి వచ్చినట్టు, కానీ మాటే. ఆడమనిషి గొంతు, వ్యవసాయం గురించి ఏదో. ఆర్ఈసీ అబ్బాయి చెయ్యి చాపి ఐఎఫ్‌లో ఒక కాయిల్ చూపించాడు. టీవీలో మాట వచ్చి బొమ్మ మీద పడకుండా 33.4ని తొక్కిపెట్టే ట్రాప్ అది. మాకు ఇప్పుడు కావాల్సిందే ఆ మాట. దాని మర వెనక్కి తిప్పేశాం. గొంతు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. సిగ్నల్ బలాన్ని బొమ్మని బట్టి తనే సర్దే ఏజీసీకి ఇప్పుడు బొమ్మ లేదు కాబట్టి అక్కడ తిప్పి సర్దే ఒక ప్రీసెట్ పెట్టి వోల్టేజీ చేత్తో నిలబెట్టాం. ఎఫ్ఎం వాళ్ళ మాట టీవీ మాట కంటే కొంచెం వెడల్పుగా ఊగుతుంది, అందువల్ల పెద్ద పాట వచ్చినప్పుడు అంచులు చిరిగినట్టుండేది. 3065 పక్కనున్న కాయిల్‌ని అటూ ఇటూ సర్దితే అదీ చాలావరకు తగ్గింది.

ఆ అబ్బాయి వాక్‌మన్ ఆ రోజు బాగవలేదు, రాత్రి ఎనిమిదైపోయింది. చిన్నాయన మర్నాడు దాన్ని బాగు చేసి డబ్బులు తీసుకోలేదు.

పలకని రిక్షాలో ఇంటికి తెచ్చాం. టీవీ యాంటెనాకి వాడే రిబ్బన్ వైరు నాలుగున్నర అడుగులు కోసి, రెండు చివర్లు కలిపి, మధ్యలో తెంచి యాంటెనా చేసి దూలానికి మేకులు కొట్టాం. నాయినమ్మ చెక్క పలక వంక చూసింది, తీగల వంక చూసింది, "ఇదేం రేడియోరా" అంది. చిన్నాయన నాబ్‌ని 4 మీదికి తెచ్చి రింగు కొంచెం కదిపాడు.

"ఆకాశవాణి, వరంగల్ కేంద్రం."

ఆమె పక్కనే నేల మీద కూచుండిపోయింది. కరకర లేదు, ఇంకో స్టేషన్ కలవలేదు. ఎదురుగా మనిషి కూచుని మాట్లాడినంత శుభ్రంగా ఉంది. ఏదో జానపదం వేశారు. పాట అయ్యేదాకా ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత చిన్నాయన తల మీద చెయ్యి పెట్టి నిమిరింది. నలభై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా తల వంచుకుని కూచున్నాడు.

ఒక ఇబ్బంది మాత్రం ఎప్పటికీ పోలేదు. వేడెక్కేకొద్దీ ఆసిలేటర్ జారేది. ఆన్ చేసిన పది నిమిషాలూ స్టేషన్ మెల్లమెల్లగా పక్కకి నడిచిపోతుంది. మాట ముద్దబడి, తర్వాత సుయ్యిమంటుంది. "బిడ్డా, మళ్ళ జారింది" అని నాయినమ్మ పిలిచేది. నేను పుస్తకం వదిలేసి వెళ్ళి రింగు ఒక వెంట్రుకవాసి తిప్పేవాణ్ణి. పది నిమిషాల తర్వాత కుదురుకునేది, ఇక రాత్రి దాకా కదిలేది కాదు. కొన్నాళ్ళకి ఆమే నేర్చుకుంది. పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, రేడియో ఆన్ చేసి, ఆ పక్కనే రింగు మీద రెండు వేళ్ళు వేసి కూచునేది. చాయ్ పొంగేసరికి రేడియో కుదురుకునేది.

తర్వాత ఇంకో మూడు చేశాం. ఒకటి క్షౌరశాలకి, ఒకటి మిర్చి బజ్జీల ఆయనకి, ఒకటి మా లెక్కల సారుకి. ఆ తర్వాత ఎఫ్ఎం ఉన్న చిన్న సెట్లు చవగ్గా వచ్చేశాయి. ఎవరూ అడగలేదు.

నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాను. ఆదివారాలు ఎర్రగడ్డ సంతలో తిరుగుతుంటే టీవీ ట్యూనర్లు కుప్పలుగా కనిపించేవి. అప్పటికి డ్రమ్ములు పోయాయి. కేబుల్ టీవీ కోసం వచ్చిన ఎస్ బ్యాండ్ ట్యూనర్లవి, అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత సైజు, 0 నుంచి 30 వోల్టులు ఇస్తే ఒక చివర నుంచి ఇంకో చివరకి జారుకుంటూ వెళ్ళేవి. ఎస్ బ్యాండ్ 104 నుంచి మొదలవుతుంది కాబట్టి సరదాకి రేడియోలో మాట్లాడుకునే హామ్‌వాళ్ళ 144 మెగాహెర్ట్జ్ కూడా అందులోనే ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక ఎఫ్ఎం కిట్టు, సీఎక్స్ఏ 1619 చిప్పుది, కొని, కాయిల్స్‌కి చుట్లు పెంచి 38.9కి దించి, దాని ముందు ఈ ట్యూనర్ పెట్టాను. బొమ్మ ఆసిలేటర్ అవసరమే రాలేదు. ఒక గంటలో అయిపోయింది. బాగా పనిచేసింది. చిన్నాయనకి ఫోన్ చేసి చెప్తే "డ్రమ్ము లేదా? మరి టక్కుమని ఎట్ల తెలుస్తదిరా?" అన్నాడు. నాకూ అదే లోటుగా అనిపించింది.

నాయినమ్మ పోయి చాలాకాలమైంది. చిన్నాయన పోయి ఆరేళ్ళు. షాపున్న చోట ఇప్పుడు మొబైల్ రీచార్జ్ దుకాణం ఉంది. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ ట్యూనర్ ఏ చానళ్ళ కోసం పుట్టిందో అవేవీ ఇప్పుడు మా ఊరి గాలిలో లేవు. మేం చుట్లు తీసిన 4కి మాత్రం ఇంకా పని ఉంది. 103.5 ఇంకా వస్తోంది.

సంక్రాంతి మర్నాడు దాన్ని వరండాలో పెట్టుకుని కూచున్నాను. పలకకి ఒక మూల చెదలు పట్టింది, కానీ బోర్డులు బాగున్నాయి. సప్లైలో పెద్ద కండెన్సర్ ఉబ్బితే మార్చాను. డ్రమ్ము కాంటాక్టులు నల్లగా అయిపోయాయి. సీటీసీ ఇప్పుడు షాపుల్లో దొరకదు, దొరక్కపోవడమే మంచిది, పీలిస్తే అది కాలేయానికీ మూత్రపిండాలకీ విషం. పెన్సిల్ రబ్బరు, దూది, కాస్త స్పిరిట్ సరిపోయాయి. 4 బిస్కెట్ తీసి చూస్తే చిన్నాయన వేసిన మైనం చుక్కలు పసుపురంగుకి తిరిగి అలాగే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

నాబ్ తిప్పాను. రెండు, మూడు, నాలుగు. టక్కున కూచుంది. పవర్ ఇచ్చాను. సుయ్యిమంది. రింగు కొంచెం కదిపితే పాట మధ్యలో దొరికింది. నిమిషం గడిచిందో లేదో మెల్లగా పక్కకి జారడం మొదలుపెట్టింది. లోపల్నుంచి మా ఆవిడ చాయ్ పెట్టనా అని అడిగింది. పెట్టమన్నాను. రింగు మీద రెండు వేళ్ళు వేసి అలాగే కూచున్నాను.